వింత వన్నె కూరలు

బజారులో ప్రతి కూరగాయకును ఒక నియమిత వర్ణము కలదు. బెండకాయ యనిన ఆకుపచ్చగా నుండవలెను. క్యారెట్టు యనిన నారింజ వన్నెలో నుండవలెను. కాలీఫ్లవరు యనిన పాలవలె తెల్లగా నుండవలెను. ఆ రంగు తప్పిన కాయను అమ్మువాడు గంప యడుగునకు త్రోయును. కొనువాడు చేతితో ప్రక్కకు నెట్టును. “ముదిరినదేమో, చచ్చుదేమో” యని సందేహించును. పెరటికి ఇట్టి కట్టుబాటు లేదు. అందు కాచినది తెల్లనిదైనను నల్లనిదైనను ఇంటివారే తినవలెను గదా! కావుననే సంతలో కానరాని రంగులు ఇండ్ల వెనుక దొడ్లలో ఇంకను బ్రదికి యున్నవి.

అసలు వింత యనునది కాయలో నుండదు. చూచువాని అలవాటులో నుండును. పప్పులోనికిని ఆవకాయలోనికిని తెలుగువారు వాడు దోసకాయ గుండ్రముగా, పసుపుపచ్చగా నుండును. పొడవైన ఆకుపచ్చ దోసను మాత్రమే యెఱిగిన పొరుగు రాష్ట్రమువాడు దానిని చూచి అది యేదో పండు అనుకొనును. క్యారెట్టు సంగతియు నట్టిదే. మొదట మధ్య ఆసియా ప్రాంతమున మనుష్యులు సాగుచేసిన క్యారెట్లు ఊదా వన్నెవి, పసుపు వన్నెవి. నేడు ఎల్లరు “సహజము” అనుకొను నారింజ రంగు క్యారెట్టు 17వ శతాబ్దమున హాలెండు దేశపు తోటమాలుల చేతులలో స్థిరపడినది. ఉత్తర హిందూస్థానమున నల్ల క్యారెట్టును ఆవపిండితో నీటిలో ఊరవేసి, ‘కాంజీ’ యను పుల్లని పానీయమును నేటికిని చేసికొందురు. ఆ ప్రాంతపువారికి నల్లనిది వింత కాదు.

వంకాయ విషయమున తెలుగువారికి ఎవ్వరును పాఠము చెప్పనక్కఱలేదు. నల్ల వంకాయ, తెల్ల వంకాయ, పచ్చ వంకాయ, చారల వంకాయ యని పేర్లు పెట్టి, ఏది పులుసునకు తగును, ఏది వేపుడునకు తగును, ఏది కాల్చి పచ్చడి చేయుటకు తగును అని వాదించుకొనుట మన యిండ్లలో నిత్యము జరుగునదే. ఒక వన్నె చీరకు ‘వంగపండు చాయ’ యని పేరే వచ్చినది. ఆంగ్లభాషలో వంకాయకు గ్రుడ్డు పేరు కలిసివచ్చుటకు కారణము, పూర్వము ఇంగ్లండువారు చూచినది కోడిగ్రుడ్డు వలె తెల్లగా, చిన్నదిగా నుండు జాతి యగుటయే. తెల్ల వంకాయను చూచి ముక్కు విఱుచు పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకొనవచ్చును.

కృష్ణానదికి క్రోసెడు దూరమున నున్న ఒక గ్రామములో, ఒక పెంకుటింటి వెనుక, అట్టి తెల్ల వంగను కాపాడుచు వచ్చిన యొక అమ్మమ్మ యుండెను. ఆమె కాపురమునకు వచ్చిన యేట పుట్టింటి నుండి పసుపు కుంకుమలతో పాటు ఒక గుడ్డమూటలో ఆ విత్తులు తెచ్చుకొన్నది. ఆనాటి నుండి ఏటేట విత్తి, ఏటేట రెండు కాయలు విత్తులకు విడిచి, బూడిదలో కలిపి, ఎండు సొరకాయ బుఱ్ఱలో పోసి, ఉట్టిమీద ఉంచుచుండెను. పుట్టినింటివారు పెరటిలో గదులు కట్టిరి. వారి యొద్ద ఆ విత్తు ఎన్నడో పోయినది. కావున ఆ బుఱ్ఱలోని పిడికెడు విత్తులే మిగిలినవి.

ఆ యింట ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలును, అయిదవ తరగతి చదువుచున్న మనుమడును కలరు. మనుమరాలికి దొడ్డిపని యిష్టము. మనుమనికి కాయ కోయుట యిష్టము. తినుట మాత్రము ఇష్టము కాదు. ఆకుపచ్చని కూర విస్తరిలో పడిన వాని ముఖము ముడుచుకొని పోవును.

వానిచేత బెండకాయ తినిపింపవలెనని మనుమరాలు ఒక ఉపాయము పన్నినది. వారణాసిలోని భారతీయ కూరగాయల పరిశోధన సంస్థవారు దాదాపు 23 ఏండ్లు శ్రమించి, 2019లో ‘కాశీ లాలిమ’ యను ఎఱ్ఱ బెండను వెలువరించిరి. అట్టి ఎఱ్ఱ బెండ విత్తులు తెప్పించి, తొలకరి వానకు నూతి పళ్ళెము ప్రక్క నాటినది. మొక్కలు లేచుచుండగనే కాడలును, ఆకుల ఈనెలును ఎఱ్ఱవారినవి. పూవు మాత్రము తక్కిన బెండపూల వలెనే పసుపుపచ్చగా విచ్చి, నడుమ ముదురెఱుపు కన్నుతో చూచినది. ఏబది దినములు నిండకమునుపే కాయలు దిగినవి. ఎంత ఎఱుపు! పండుమిరపకాయలు నిక్కబొడిచి నిలిచినట్లుండెను. మనుమడు పాఠశాల నుండి వచ్చి, సంచి దించకయే లెక్కపెట్టెడివాడు. పదునాలుగు కాయలు కోసి తెచ్చి, “నేడు ఎఱ్ఱకూర!” అని ఇల్లంతయు చాటినాడు.

కూర వండబడినది. మూత తీసి చూచునప్పటికి గిన్నెలో నున్నవి ఎప్పటివలె ఆకుపచ్చని బెండముక్కలే.

“అమ్మమ్మా, ఎఱుపంతయు ఏమైనది? గిన్నె మ్రింగినదా?” అని వాడు ఏడ్పుమొగముతో అడిగెను.

“గిన్నె మ్రింగలేదురా నాయనా, నీళ్ళు త్రాగినవి” అని అమ్మమ్మ, వంపి ప్రక్కనుంచిన ఉడుకునీటిని చూపినది. ఆ నీరు లేత ఊదా రంగులో నుండెను.

వృద్ధురాలు రసాయన శాస్త్రము చదివినది కాదు. కాని ఆమె చెప్పిన మాట శాస్త్రమునకు సరిపోవునట్టిది. ఎఱ్ఱ బెండ, ఊదా చిక్కుడు, నల్ల వంకాయ, ఎఱ్ఱ గోంగూర కాడ - వీని యన్నిటియందు రంగు నిచ్చు పదార్థములను ఆంథోసయనినులు అందురు. గ్రీకు భాషలో ‘ఆంథోస్’ అనగా పూవు, ‘కయానోస్’ అనగా నీలము. 1835లో మార్క్వార్టు అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ పేరు పెట్టెను. ఇవి నీటిలో కరగును. కాయ పచ్చిగా నున్నంతవఱకు కణముల లోపలి సంచులలో బందీలై యుండును. వేడి తగులగనే గోడలు పగిలి, రంగు నీటిలోనికి జారిపోవును. అంతవఱకు దాని క్రింద దాగియున్న పత్రహరితము బయటపడును. అనగా ఆ బెండకాయ మొదటి నుండియు ఆకుపచ్చనిదే. పైన ఎఱ్ఱ శాలువ కప్పుకొన్నది.

మనుమరాలికి ఇంతటితో తృప్తి కలుగలేదు. ఆ ఉడుకునీటిని మూడు గాజు గ్లాసులలో పోసినది. మొదటి దానిలో ఏమియు కలుపలేదు. రెండవ దానిలో నిమ్మకాయ పిండినది. మూడవ దానిలో అమ్మమ్మ తాంబూలపు పళ్ళెము నుండి సున్నము తెచ్చి, నీటిలో కలిపి, పైతేటను చుక్కలు చుక్కలుగా వేసినది. నిమ్మరసము పడినది గులాబి వన్నెకు మాఱినది. సున్నపుతేట పడినది ఆకుపచ్చగా తిరిగి, కొంతసేపటికి పసుపువాఱినది. మనుమడు కూర సంగతి మఱచి గ్లాసుల చుట్టు తిరుగనారంభించెను. (సున్నము కలిపిన నీటిని నోట పోసికొనరాదు, కంట పడనీయరాదు. వానికి అక్క ఈ మాట ముందే చెప్పి, గ్లాసులను ఎత్తైన గూటిలో పెట్టినది.)

ఐర్లండున జన్మించిన రాబర్టు బాయిలు పూలరసముతో ఇట్టి పరీక్షలే చేసి, 1664లో రంగులను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. పుల్లని ద్రవములు ఆ రసమును ఎఱ్ఱగా మార్చుననియు, క్షారములు ఆకుపచ్చగా మార్చుననియు అతడు వ్రాసెను. కాని తెలుగు ఇల్లాండ్రకు ఇట్టి మార్పు క్రొత్త కాదు. పసుపులో సున్నము కలిపిన ఎఱ్ఱబాఱుననుట ఏ పెండ్లియింట నెఱుగరు? హారతి పళ్ళెములోని ఎఱ్ఱనీళ్ళును, పాదములకు పూయు పారాణియు అట్లు పుట్టినవే. పసుపులోని వర్ణద్రవ్యము ఆంథోసయనిను కాదు, అది వేఱు. ఐనను పులుపునకు, క్షారమునకు రంగు మార్చు గుణము రెంటికిని కలదు.

ఈ యెఱుక కలిగిన పిదప ఆ యింటి వంటలో కొన్ని మార్పులు వచ్చినవి. ఊదా చిక్కుడును నీట ఉడికించి వార్చుట మాని, కొద్ది నీటితో త్వరగా మ్రగ్గించి దింపుచు వచ్చిరి. దించిన తరువాత నిమ్మరసము పిండిరి. రంగంతయు నిలువలేదు కాని, అంచులకు కొంత ఎఱుపు మిగిలినది. నల్ల వంకాయ మాత్రము నూనెలో తన వన్నెను చక్కగా నిలుపుకొనును. దాని తొక్కలోని రంగునకు నాసునిను అని పేరు; జపాను భాషలో వంకాయను ‘నాసు’ అందురు, దానినిబట్టి వచ్చినది. అది నీట కరగును గాని నూనెలో కరగదు. గుత్తివంకాయను నూనెలో మ్రగ్గించిన నిగనిగలాడుటయు, నీట ఉడికించిన గోధుమ వన్నెకు దిగజాఱుటయు ఇందువలననే. తరిగిన ముక్కలను ఉప్పునీటిలో వేయుట వేఱొక కారణమునకు. కోసిన చోట గాలి సోకి లోపలి కండ నల్లబడకుండ ఆ నీరు అడ్డుపడును.

ఇక ఆకుకూరల ఆకుపచ్చదనము. పత్రహరితపు అణువు నడుమ మెగ్నీషియము అను లోహము కలదు. జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు విల్‌స్టాటరు దీనిని తేల్చెను. మొక్కల వర్ణద్రవ్యములను గూర్చిన పరిశోధనకే అతనికి 1915లో నోబెలు బహుమానము లభించెను. చింతపండు పులుసు తగిలిన ఆ మెగ్నీషియము ఊడిపోయి, ఆకు మబ్బు వన్నెకు మాఱును. పుల్లకూర ఎన్నడును పచ్చగా నుండకపోవుటకు హేతువిదియే. కొందఱు పచ్చదనము నిలుపుటకై చిటికెడు తినుసోడా వేయుదురు. కంటికి అది విందే. కాని ఆకు జిగటయై పోవును, విటమినులు కొన్ని నశించును. మూత తీసి కొద్దిసేపు మాత్రము ఉడికించుట అంతకంటె మేలైన మార్గము. ఎఱ్ఱ గోంగూర పచ్చడి నల్లబడినదని ఎవ్వరును వదలిపెట్టరు గదా! రుచి యున్నచోట రంగును తెలుగువారు అడుగరు.

దొడ్డి గోడవెంట ఎఱ్ఱ తీగబచ్చలి యల్లుకొని యుండెను. ఆ కాడలును ఎఱ్ఱనివే కావున, మనుమరాలు అవియును ఉడికించి, ఆ నీటితో మరల మూడు గ్లాసుల పరీక్ష చేసినది. నిమ్మరసము పోసినను ఆ ఎఱుపు ఎఱుపుగానే నిలిచినది! అమ్మమ్మ నవ్వి, “దాని కులము వేఱే” అన్నది. నిజమునకు వేఱే. బచ్చలి కాడ, ఎఱ్ఱ తోటకూర, బీటు దుంప, నాగజెముడు పండు, సాయంకాలము విచ్చు చంద్రకాంత పూవు, కాగితపు పూవు - వీని యెఱుపు ఆంథోసయనిను కాదు, బీటాలైను. దానికి పులుపన్న లెక్క లేదు. గాఢమైన క్షారము పడిన పసుపుబాఱును. ఆంథోసయనినును బీటాలైనును ఒకే మొక్కలో కలిసి యుండుట వృక్షశాస్త్రజ్ఞులు ఎక్కడను చూడలేదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్లు, ఒకటి యున్నచోట రెండవది యుండదు. మిరియాల వలె గుత్తులుగా కాయు బచ్చలిపండ్లను నలిపి, ఆ రసముతో పూర్వము బడిపిల్లలు వ్రాసెడివారు. ఆ సిరా ఎండకు వెలిసిపోవును. కావున అప్పుపత్రములకు పనికిరాదు. బీటు దుంప తిన్న మఱునాడు కొందఱికి మూత్రము ఎఱ్ఱగా వచ్చును. అది రక్తము కాదు, భయపడనక్కఱలేదు.

మూడవ వంశము కెరోటినులది. 1831లో వాకెన్‌రోడరు అను శాస్త్రజ్ఞుడు క్యారెట్టు నుండియే దీనిని మొదట వేఱుచేసెను. పేరును దానినుండియే వచ్చినది. గుమ్మడి, పండుమిరప, నారింజ వన్నె చిలగడదుంప - వీనిలో నున్నది ఇదియే. ఇది నీట కరగదు, నూనెలో కరగును. తాలింపు గిన్నెలో నూనె పసుపెక్కుట అందఱును చూచినదే. ఇచ్చట రంగు వట్టి అలంకారము గాక కంటిచూపునకు సంబంధించినదగుచున్నది. బీటా కెరోటినును శరీరము ఏ విటమినుగా మార్చుకొనును. అది కొఱవడిన పిల్లలకు రేచీకటి వచ్చును. ముదిరిన కన్నులే పోవును. పూర్వము మన గ్రామములలో ప్రొద్దు గ్రుంకగనే గోడలు తడవుచు నడచు పిల్లలు అరుదు కారు. 1958లో కూనూరు నుండి హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకొన్న పరిశోధనాలయమువారు ఈ వ్యాధిని గూర్చి విశేషముగా కృషి చేసిరి. 1970లో పసిపిల్లలకు ఏ విటమిను మందుగా నిచ్చు కార్యక్రమము దేశమున ఆరంభమైనది.

ఆకుపచ్చని ఆకులలో కూడ కెరోటిను సమృద్ధిగా కలదు. పత్రహరితము చాటున కనబడదు. తోటకూరను, మునగాకును కొద్ది నూనెతోనో నేతితోనో వండవలెననుటకు కారణము, ఆ కొవ్వు లేనిదే కెరోటిను ఒంట చక్కగా ఇంకకపోవుటయే. తిరువనంతపురములోని కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థవారు ‘భూ సోనా’ యను నారింజ వన్నె చిలగడదుంపను, ‘భూ కృష్ణ’ యను ఊదా వన్నె దానిని వెలువరించిరి. నూఱు గ్రాముల భూ సోనా దుంపలో సుమారు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిను కలదు. తెల్లని చిలగడదుంపలో అది పేరునకు మాత్రమే. కుమ్పటిలో కాల్చి తొక్క తీసినపుడు భూ కృష్ణ లోపలి కండ ముదురు ఊదాగా కనబడును. పిల్లలు అది తినదగినదని మొదట నమ్మరు.

వింత రంగుల మీద మోజు ముదిరి, మనుమడు ఒకనాడు కొట్టు మూలనుండి ఒక బంగాళదుంపను ఎత్తి తెచ్చెను. కిటికీ వెలుతురు తగిలి దాని తొక్క పచ్చబడి, మొలకలు వేసియుండెను. “ఇదియును వింత వన్నె కూరయే కదా, వండవే అమ్మమ్మా!” అనెను. ఆమె దానిని వాని చేతినుండి లాగికొని దొడ్డిలో పాతిపెట్టినది. పచ్చబడిన బంగాళదుంపలో సోలనిను అను విషపదార్థము పెరుగును. ఉడికించినను అది పోదు. పచ్చ వంకాయను తినవచ్చును, పచ్చ బంగాళదుంపను తినరాదు. రంగును మాత్రమే చూచి ఏది మంచిదో ఏది చెడ్డదో చెప్పుట సాధ్యము కాదు. ఆ కాయ ఎట్టిదో తెలిసియుండవలెను. అట్లే బజారులో బఠాణీలకును కాకరకాయలకును కృత్రిమమైన పచ్చరంగు పూసి అమ్ముటయు కలదు. కాయలో పుట్టిన రంగు నూనె తడిపిన దూదితో రుద్దిన అంటుకొనదు; పైన పూసిన మలకైటు గ్రీను అంటుకొనును.

ఇంతలో తెల్ల వంగకు ఆపద వచ్చినది.

వెనుకటి యేడు మనుమరాలు సంతనుండి అయిదు నల్లవంగ నారుమొక్కలు తెచ్చి, తెల్లవంగ వరుసకు జానెడు దూరమున నాటియుండెను. ఆ యేడు ఏమియు తెలియలేదు. తెల్లచెట్టున తెల్లకాయలు, నల్లచెట్టున నల్లకాయలు కాచినవి. అమ్మమ్మ ఎప్పటివలె రెండు తెల్లకాయలు పండనిచ్చి విత్తులు తీసినది. ఈ యేడు ఆ విత్తులనుండి పండ్రెండు మొక్కలు లేచినవి. తొమ్మిదింటికి తెల్లకాయలు దిగినవి. మూడింటికి లేత ఊదా వన్నె కాయలు దిగినవి.

అమ్మమ్మ ఆ మొక్కల యెదుట చాలసేపు నిలుచున్నది. కోపపడలేదు. “మా అమ్మ చేతి విత్తు” అని మాత్రమే అన్నది. మనుమరాలికి ఆ రాత్రి అన్నము సయింపలేదు. ఏబది యేండ్లు నిలిచిన విత్తు తన చేతిమీదుగా చెడినదను భావము ఆమెను పట్టుకొన్నది.

మఱునాడు ఆమె ఒక ఊదాకాయను, ఒక తెల్లకాయను తీసికొనిపోయి విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయురాలికి చూపినది. ఆమె వివరించిన విషయమిది. వంగపూవు సాధారణముగా తన పుప్పొడితోనే తాను ఫలించును. కాని పూర్తిగా కాదు. దాని పుప్పొడి, కేసరముల కొనలందలి సన్నని రంధ్రములలో నుండును. తుమ్మెద పూవును పట్టుకొని ఝంకరించినపుడు ఆ అదురుపాటునకు పుప్పొడి రాలును. కొంత దాని ఒంటికి అంటుకొని ప్రక్క చెట్టునకు చేరును. నల్లవంగ పుప్పొడి తెల్లవంగ పూవును చేరిన, ఆ కాయ పైకి తెల్లగానే యుండును. లోపలి విత్తులు మాత్రము మిశ్రమమగును. వంగలో సాధారణముగా ఊదా రంగు ప్రబలమైనది, తెలుపు అణగియుండునది. కావున మిశ్రమమైన విత్తు మొలచిన చెట్టు ఊదాకాయలే కాచును.

“అట్లైన, తెల్లకాయలు కాచిన తొమ్మిది చెట్ల మాట ఏమి?” అని మనుమరాలు అడిగెను.

“ఆలోచింపుము. వానిలో నల్లవంగ పాలు కలిసియున్న అవి తెల్లగా కాచునా?”

ఇది ఆమెకు అప్పటికప్పుడు తట్టలేదు. ఇంటికి నడచుచుండగా త్రోవలో తట్టినది. కలిసిన చెట్లు తమంతట తామే రంగుతో బయటపడినవి! తెల్లగా కాచిన తొమ్మిదియు పాత విత్తే. పోగొట్టుకొన్నది ఏమియు లేదు. కాని ఇప్పుడు పూచుచున్న పూల మాట వేఱు. ఊదాచెట్ల పుప్పొడి ఈపాటికే వాని మీద పడియుండవచ్చును. ఆమె పరుగెత్తుకొని పోయి సంగతి చెప్పగా, అమ్మమ్మ తానే వంగి ఊదాకాయల చెట్లు మూడింటిని వేళ్ళతో పెఱికి వేసినది. వెనుకటి యేటి నల్లవంగ మోళ్ళు రెండు ఇంకను చిగిర్చుచుండెను; వానిని మనుమరాలు పెఱికినది. పెఱికిన చెట్ల కాయలను ఆ పూట కూర వండుకొని తినిరి. బాగుగనే యున్నది. తెల్లవంకాయంత మెత్తగా లేదని అమ్మమ్మ అన్నది. ఆమె మాట ఈ విషయమున నిష్పక్షపాతమైనదని చెప్పజాలము.

ఇటువంటి విత్తులను గూర్చి ప్రభుత్వమును పట్టించుకొనుట కలదు. 1976లో ఢిల్లీలో ఏర్పడిన జాతీయ వృక్ష జన్యువనరుల సంస్థ, దేశవాళీ రకముల విత్తులను సేకరించి శీతలగదులలో దాచును. రైతు తన పంట విత్తును దాచుకొనుటకు, ఇరుగుపొరుగులతో మార్చుకొనుటకు గల హక్కును 2001లో చేసిన చట్టము గుర్తించినది. కాని శీతలగదిలోని విత్తు మొలవక నిద్రించును. ఎండలో పెరిగి, పురుగును ఓర్చి, వండిన కుండలో రుచి చూపునది పెరటిలోని విత్తే. పైగా కనిపెట్టి చూచు కన్ను పొలములోనే యుండవలెను. 1970లో కెనడా దేశమున ఒక కాలీఫ్లవరు పొలములో నారింజ వన్నె పూవు ఒక్కటి కానవచ్చినది. చెడినదని కోసి పారవేయక దానిని నిలుపుటచేత, నేడు లోకమున నారింజ వన్నె కాలీఫ్లవరు జాతులు కలవు. ఢిల్లీలోని పూసా సంస్థవారు వెలువరించిన ‘బీటా కేసరి’ అట్టిదే.

కార్తికమాసమున మనుమరాలు పాత మల్లు పంచెను చించి జేనెడేసి సంచులు కుట్టినది. తొమ్మిది చెట్లలో రోగము లేనివి, కాయ నిండుగా నున్నవి మూడు ఎంచినది. సాయంకాలము, మఱునాడు విచ్చబోవు మొగ్గలకు ఆ సంచులు తొడిగి, తొడిమ యొద్ద వదులుగా దారము చుట్టినది. తుమ్మెద లోపలికి పోలేదు గనుక, ప్రొద్దున పూవు విచ్చిన తరువాత సంచిమీదనే వ్రేలితో మెల్లగా తట్టుచుండవలెను. ఈ పని మనుమనికి అప్పగింపబడినది. వాడు బడికి పోవునపుడు ఒక్కొక్క సంచిని తట్టి, “తుమ్మెద వచ్చినది” అని చెప్పి పోయెడివాడు. కొన్ని మొగ్గలు రాలిపోయినవి. అయిదు నిలిచినవి. పిందె కట్టగనే సంచి తీసి, కాయ తొడిమకు ఎఱ్ఱదారము గుర్తుగా కట్టిరి. ఆ కాయలను కూరకు కోయరాదని ఇంటిల్లిపాదికిని ఆజ్ఞ.

అవి తెలుపు పోయి, పసుపెక్కి, మాఘమునకు గోధుమ వన్నెకు తిరిగినవి. అమ్మమ్మ వానిని కోసి, వారము దినములు నీడను ఉంచి, నీటిలో పిసికినది. తాలు పైకి తేలినది. గట్టి విత్తు అడుగున నిలిచినది. చాటలో పోసి నీడను ఆరబెట్టి, పిడకల బూడిద కలిపి, రెండు పాళ్ళు చేసినది. ఒక పాలు సొరకాయ బుఱ్ఱలో పడినది. రెండవ పాలును పాత గుడ్డలో మూటగట్టి మనుమరాలి చేతికిచ్చి, “ఆదివారము మీ పిన్ని ఊరు పోయి ఇచ్చి రా. వాళ్ళ దొడ్డిలో నల్లవంగ లేదు కదా, ముందు చూచుకో” అని చెప్పినది.